మెయిల్ మార్కెటింగ్‌లోనే ఎదగాలా, పార్ట్‌నర్‌షిప్స్ వైపు మారాలా? హైదరాబాద్‌లో ఈ పని తెలిసినవాళ్ళు చెప్పండి

కొత్త_క్యాంపెయిన్:

అందరికీ నమస్కారం. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్‌ని. మా కంపెనీ చిన్న వ్యాపారాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. వారానికి రెండు న్యూస్‌లెటర్లు, పండగ ఆఫర్లు, డెమో అడిగినవాళ్ళకు వరసగా వెళ్ళే నాలుగు మెయిల్స్, అన్నీ నేనే చూస్తాను. లిస్టు 40 వేలు. టెంప్లేట్ పెట్టడం, రెండు సబ్జెక్ట్ లైన్లు పోల్చి చూడటం, రిపోర్టు తీయడం వచ్చు. సెండ్ నొక్కాక లోపల ఏం జరుగుతుందో మాత్రం తెలియదు.

మా దగ్గరే కొత్తగా పార్ట్‌నర్‌షిప్స్ టీమ్ పెడుతున్నారు. అకౌంటెంట్లతో, వేరే సాఫ్ట్‌వేర్ కంపెనీలతో కలిసి వెబినార్లు, రిఫరల్స్ నడపాలట. అందులోకి వస్తావా అని అడిగారు. ఎటు వెళ్ళాలో తేల్చుకోలేకపోతున్నాను.

మెయిల్ వైపే ఉంటే ఏం నేర్చుకోవాలి? అమీర్‌పేట కోర్సుల సిలబస్‌లో మెయిల్‌కు ఒకటి రెండు క్లాసులే కనిపిస్తున్నాయి. సర్టిఫికెట్లు ఏవైనా పనికొస్తాయా? రెండు నెలలుగా ఓపెన్ రేటు (మెయిల్ తెరిచినవాళ్ళ శాతం) పడిపోతోంది, సబ్జెక్ట్ లైన్లు మార్చమని మేనేజర్ అంటున్నారు. కారణం అదేనా? తెలుగులో మెయిల్స్ పంపాలని కూడా అనుకుంటున్నాం, అందులో ఇబ్బందులేమిటి? పార్ట్‌నర్‌షిప్స్‌లో రోజువారీ పని ఎలా ఉంటుంది?

డెలివరీ_డెస్క్:

ముందు ఓపెన్ రేటు సంగతి చూద్దాం. మీరు ఏం నేర్చుకోవాలన్నది కూడా అందులోంచే తేలుతుంది.

ఓపెన్ రేటు పడినప్పుడు సబ్జెక్ట్ లైన్ జోలికి చివర్లో వెళ్ళాలి. మొదట రిపోర్టును డొమైన్ల వారీగా విడదీయండి. జీమెయిల్ ఎంత, అవుట్‌లుక్ ఎంత, యాహూ ఎంత, కంపెనీ డొమైన్లు ఎంత. అన్నింటిలో ఒకే తీరున తగ్గితే లిస్టు పాతబడిందనో, విషయంలో పస తగ్గిందనో అనుకోవచ్చు. జీమెయిల్‌లో మాత్రమే 20 శాతం నుంచి 6కి పడి మిగతావి అలాగే ఉంటే మెయిల్స్ స్పామ్‌లోకి పోతున్నట్టే లెక్క. అప్పుడు సరిగ్గా ఏ తేదీన పడిందో పట్టుకుని, ఆ వారంలో ఏం మారిందో వెతకాలి: కొత్త లిస్టు ఎక్కించారా, డీఎన్‌ఎస్‌లో (డొమైన్ రికార్డులు ఉండే చోట) ఎవరైనా చెయ్యి పెట్టారా, మెయిల్స్ పంపే టూల్ మార్చారా, ఒక్కసారిగా రెట్టింపు పంపారా.

ఇంకో సంగతి. 2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15తో ఆపిల్ మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ తెచ్చింది. అది ఆన్‌లో ఉన్న ఐఫోన్ల మెయిల్ యాప్‌లో మనిషి మెయిల్ తెరవకపోయినా, ఓపెన్ లెక్కపెట్టే కనిపించని చిన్న బొమ్మతో సహా బొమ్మలన్నీ ముందే లోడ్ అయిపోతాయి, అది ఓపెన్ కింద పడుతుంది. కాబట్టి ఆ అంకె నిజం కన్నా ఎక్కువే చూపిస్తుంది. క్లిక్‌లనూ గుడ్డిగా నమ్మొద్దు. కంపెనీ మెయిల్ బాక్సుల ముందుండే సెక్యూరిటీ స్కానర్లు మెయిల్ చేరిన కొన్ని సెకన్లలోనే అందులోని లింకులన్నీ తెరిచి చూస్తాయి. ఒకే అడ్రసు నుంచి అదే క్షణంలో ఫుటర్‌లోని ప్రైవసీ పాలసీతో సహా అన్నీ క్లిక్ అయ్యాయంటే అది మనిషి కాదు. అలాంటివి తీసేశాకే మేనేజర్‌కు లెక్క చూపించండి.

ఇక అసలు పని. మీ క్యాంపెయిన్ ఒకటి మీ సొంత జీమెయిల్‌కు పంపుకుని, కంప్యూటర్‌లో తెరిచి, పక్కన మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కండి. పైన చిన్న పట్టికలో ఎస్‌పీఎఫ్ (డొమైన్ తరఫున ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్‌పై డొమైన్ వేసే డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ రెండింటిలో ఏదీ ఫ్రమ్ డొమైన్‌తో సరిపోలకపోతే ఏం చేయాలో చెప్పే పాలసీ) అని మూడు వరసలు ఉంటాయి. చాలామంది మూడింటికీ పాస్ అని చూసి మూసేస్తారు. అక్కడ ఆగకండి, డీకిమ్ వరసలో ఏ డొమైన్ పేరు ఉందో చదవండి. మీ కంపెనీ డొమైన్ ఉండాలి. టూల్ కంపెనీ డొమైన్ ఉందంటే సెటప్ సగంలో ఆగిపోయినట్టు.

ఎందుకో చెప్తాను. ఎస్‌పీఎఫ్ చూసేది మీరు ఫ్రమ్‌లో పెట్టే పేరును కాదు, బౌన్స్‌లు (చేరని మెయిల్స్) తిరిగొచ్చే రిటర్న్ పాత్ డొమైన్‌ను. టూల్ మామూలుగా తన డొమైన్‌నే అక్కడ పెడుతుంది, కాబట్టి ఎస్‌పీఎఫ్ పాస్ అవుతుంది, కానీ అది మీ పేరు మీద కాదు. డీమార్క్‌కు కావలసింది ఫ్రమ్ డొమైన్‌తో ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండింటిలో కనీసం ఒకటి సరిపోలడం. టూల్ ఇచ్చే సీనేమ్ రికార్డులు (మీ డొమైన్ నుంచి టూల్ వైపు చూపించేవి) మీ డీఎన్‌ఎస్‌లో వేస్తే డీకిమ్ సంతకం మీ డొమైన్‌తో పడుతుంది. మెయిల్ ఫార్వార్డ్ అయితే ఎస్‌పీఎఫ్ విరిగిపోతుంది, డీకిమ్ చాలావరకు నిలుస్తుంది. ఏదో ఒకటే సరిచేసే టైమ్ ఉంటే డీకిమ్ సరిచేయండి.

తరచుగా కనిపించే తప్పులు కొన్ని. ఒకే డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు ఉంటే రెండూ చెల్లవు, కలిపి ఒకటే రాయాలి. అందులో డీఎన్‌ఎస్ లుకప్‌లు (వేరే రికార్డులను వెతకడాలు) 10 దాటకూడదు. ఆఫీసు మెయిల్, హెల్ప్‌డెస్క్, పేరోల్, సీఆర్‌ఎమ్, న్యూస్‌లెటర్ టూల్ అంటూ ఒక్కొక్కటి చేర్చుకుంటూ పోతే తెలియకుండానే దాటిపోతుంది, మొత్తం ఫెయిల్ అవుతుంది. డీమార్క్‌ను నేరుగా రిజెక్ట్‌లో (సరిపోలని మెయిల్‌ను తిప్పికొట్టడం) పెట్టేసి, మర్నాడు జీతాల స్లిప్పులు ఎవరికీ చేరలేదని తల పట్టుకునే కంపెనీలు ఉంటాయి. మొదట పాలసీని ‘నన్’లో (ఏ చర్యా లేకుండా) పెట్టి, రిపోర్టులు ఒక మెయిల్ బాక్సుకు తెప్పించుకోవాలి. కొన్ని వారాలు ఆ రిపోర్టులు చదివితే మీ డొమైన్ పేరుతో ఎన్ని సిస్టమ్స్ మెయిల్స్ పంపుతున్నాయో బయటపడుతుంది. ఒక్కొక్కదాన్ని సరిచేశాక క్వారంటైన్ (స్పామ్‌లో వేయడం), ఆ తర్వాతే రిజెక్ట్.

ఇవి ఇప్పుడు తప్పనిసరి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్ద మొత్తంలో పంపేవాళ్ళకు ఈ మూడూ ఉండాలన్నాయి. రోజుకు 5,000 మెయిల్స్ జీమెయిల్ అడ్రసులకు ఒక్కసారి పంపినా గూగుల్ లెక్కలో మీరు ఎప్పటికీ బల్క్ సెండరే. సబ్‌డొమైన్ల నుంచి వెళ్ళేవి కూడా మెయిన్ డొమైన్ ఖాతాలోనే కలుపుతారు. 2025 మే నుంచి మైక్రోసాఫ్ట్ కూడా అవుట్‌లుక్, హాట్‌మెయిల్ బాక్సులకు ఇలాంటి నియమమే పెట్టింది.

స్పామ్ రేటు 0.1 శాతం లోపు ఉంచాలి, 0.3ను తాకనివ్వకూడదు. అంటే ఇన్‌బాక్స్‌లోకి 5,000 చేరితే 15 మంది స్పామ్ బటన్ నొక్కితే చాలు, గీత తాకినట్టే. ఇది గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో ఉచితంగా కనిపిస్తుంది. కానీ అక్కడ ఒక మెలిక ఉంది. ఆ శాతానికి ఆధారం ఇన్‌బాక్స్‌లోకి వెళ్ళిన మెయిల్సే. స్పామ్ ఫోల్డర్‌లో పడినవాటిని ఎవరూ మళ్ళీ స్పామ్ అని నొక్కరు కదా. కాబట్టి ఓపెన్లు పడిపోతూ స్పామ్ రేటు కూడా సున్నాకు చేరుతుంటే సంతోషించకండి, మెయిల్స్ ఇన్‌బాక్స్‌లోకి వెళ్ళడమే మానేశాయని అర్థం. ఇంటర్వ్యూలో ఈ ఒక్కటి వివరించగలిగితే ఎదుటివాళ్ళకు మీ లోతు తెలిసిపోతుంది.

వన్ క్లిక్ అన్‌సబ్‌స్క్రైబ్ కూడా ఆ నియమాల్లోదే. ఫుటర్‌లో లింకు ఉంటే సరిపోదు, మెయిల్ హెడర్‌లో (పైకి కనిపించని వివరాల భాగం) రెండు లైన్లు ఉండాలి, వాటికి డీకిమ్ సంతకం వర్తించాలి. ఆ అభ్యర్థన పోస్ట్ పద్ధతిలోనే (లింకు తెరవడం కాక, విడిగా అభ్యర్థన పంపడం) రావాలన్న నిబంధన ఇందాక చెప్పిన స్కానర్ల వల్లే వచ్చింది. మామూలు లింకు తెరవగానే తీసేసేలా పెడితే, స్కానర్ తెరిచి చూసి మీ మంచి కస్టమర్లను లిస్టులోంచి తీయించేస్తుంది. ఎవరైనా వద్దన్నాక 2 రోజుల్లో ఆపేయాలి.

బౌన్స్‌ల కోడ్లు చదవడం నేర్చుకోండి. 550 5.1.1 అంటే ఆ అడ్రసే లేదు, వెంటనే తీసేయాలి. 4.2.2 అంటే బాక్సు నిండింది, తర్వాత మళ్ళీ ప్రయత్నించవచ్చు. 550 5.7.1 లాంటివి అడ్రసు తప్పు కాదు, మిమ్మల్ని ఆపేశారని. కొన్ని టూల్స్ ఈ ఆపేసినవాటిని కూడా హార్డ్ బౌన్స్ కింద కట్టి అడ్రసును శాశ్వతంగా మూసేస్తాయి. ఒక చెడ్డ రోజు తర్వాత లిస్టు హఠాత్తుగా కొన్ని వేలు తగ్గిపోయిందంటే అక్కడే వెతకండి.

నేర్చుకోవడానికి కోర్సు అక్కర్లేదు. ఏడాదికి కొన్ని వందలు పెట్టి ఒక డొమైన్ కొనండి. అమెజాన్ ఎస్‌ఈఎస్‌లో (మెయిల్స్ పంపే సేవ) అకౌంట్ తీస్తే మొదట శాండ్‌బాక్స్‌లో (పరీక్ష దశ) ఉంటుంది: రోజుకు 200 మెయిల్స్, సెకనుకు ఒకటి, అదీ వెరిఫై చేసిన అడ్రసులకే. సాధనకు అది చాలు. మూడు రికార్డులూ మీ చేత్తో వేసి, ఒక్కొక్కటి కావాలని చెడగొట్టి, షో ఒరిజినల్‌లో ఏం మారుతుందో రాసుకోండి. ఆ నోట్సే మీ పోర్ట్‌ఫోలియో. క్యాంపెయిన్ పెట్టగలిగేవాళ్ళు ఈ ఊళ్ళో బోలెడుమంది ఉన్నారు. మెయిల్ ఎందుకు చేరలేదో చూపించి చెప్పగలిగేవాళ్ళు తక్కువ.

టేబుల్_కోడర్:

పైన అన్న చెప్పినదానికి నేను కలిపేది ఏం లేదు, తెలుగు మెయిల్స్ గురించి మాత్రం చెప్త.

అన్నిటికన్నా ముందు పేర్ల సంగతి చూడుండ్రి. మన దగ్గర ఇంటిపేరు ముందు ఉంటది. ఫామ్‌లో ‘కె. శ్రీనివాస్’ అని నింపితే టూల్ మొదటి ముక్కను ఫస్ట్ నేమ్ అనుకుంటది. మెయిల్ పోయేసరికి ‘కె. గారూ, మీకోసం ప్రత్యేక ఆఫర్’ అని పోతది. అందుకే ఫామ్‌లో ‘మిమ్మల్ని ఏమని పిలవాలి’ అని ఒకటే బాక్సు పెట్టుండ్రి. పాత డేటాలో రెండు అక్షరాల కన్నా చిన్నగున్నా, చుక్కతో అయిపోయినా పేరు ఎత్తేసి ఉత్త ‘నమస్కారం’ అని పడేటట్టు కండిషన్ రాయాలె. ఇంకోటి, డేటా ఇంగ్లిష్ అక్షరాలల్ల ఉంటది, మెయిల్ తెలుగుల ఉంటది. పేరు ఒక లిపి, ‘గారు’ ఒక లిపి అయితది. అది బాగుండదు, అసుంటప్పుడు పేరు లేకుండానే మొదలువెట్టుండ్రి.

సబ్జెక్ట్‌ల డబ్బాలు, ప్రశ్న గుర్తులు వస్తున్నయంటే ఎన్‌కోడింగ్ తప్పు. యూటీఎఫ్-8ల (అక్షరాలను కంప్యూటర్ దాచుకునే పద్ధతి) తెలుగు అక్షర గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు పడ్తయి. ‘తెలుగు’ అన్న మాటకే గుణింతాలతోని కలిపి 6 గుర్తులు, 18 బైట్లు. సబ్జెక్ట్ హెడర్‌ను ముక్కలుగ ఎన్‌కోడ్ చేస్తరు, ఒక్కో ముక్క 75 క్యారెక్టర్లు దాటొద్దు. పాత స్క్రిప్టులు లెక్క చూసుకోకుండా ఒక అక్షరం నడుమ బైట్లను కోసేస్తయి. అప్పుడు సరిగ్గ ఆ కోసినకాడ గుర్తు చెడిపోతది. పెద్ద టూల్స్‌ల ఈ తిప్పలు రాదు, సొంతంగ రాసిన స్క్రిప్టులల్ల వస్తది. సబ్జెక్ట్ పొట్టిగుంటే సమస్య సగం అక్కడనే పోతది, ఫోన్‌ల కూడ పూర్తిగ కనిపిస్తది.

లైన్ హైట్ 1.6 కన్నా తక్కువ పెట్టకుండ్రి. ఇంగ్లిష్‌కు 1.3 సరిపోతది గానీ తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటయి. ‘స్త్రీ’, ‘క్ష్మ’ అసుంటివి కింది లైన్‌కు తగుల్తయి, బటన్‌ల అయితే కిందభాగం కోసుకపోతది. బటన్‌కు ఎత్తు ఫిక్స్ చెయ్యకుండ ప్యాడింగ్ ఇయ్యాలె. జీమెయిల్ మీరు పెట్టిన వెబ్ ఫాంట్‌ను పట్టించుకోదు, ఫోన్‌ల ఉన్న ఫాంటే వాడుతది. అట్లని మొత్తం పోస్టర్‌ను బొమ్మగ పెట్టకుండ్రి. బొమ్మలు ఆపేసి ఉంటే మెయిల్ తెల్లగ కనిపిస్తది, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడేటోళ్ళకు ఏం వినిపియ్యదు.

జీమెయిల్ 102 కేబీ దాటిన మెయిల్‌ను నడుమల కత్తిరిస్తది. కత్తిరిస్తే కింద ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కనిపియ్యది, అది దొరకక స్పామ్ నొక్కుతరు. ఓపెన్ లెక్కపెట్టే పిక్సెల్ కూడ చాలా టూల్స్‌ల అడుగుననే ఉంటది, కాబట్టి లెక్క కూడ తప్పుతది. వర్డ్‌ల నుంచి కాపీ కొట్టి పేస్ట్ చేస్తే పనికిరాని కోడ్ శానా వస్తది, సైజు పెరిగేది ఎక్కువ అట్లనే.

విండోస్‌ల పాత అవుట్‌లుక్ మెయిల్‌ను చూపియ్యడానికి వర్డ్ ఇంజిన్ వాడుతది. అందుకే ఇప్పటికీ టేబుళ్ళతోనే కట్టాలె, వెడల్పు 600 పిక్సెళ్ళు పెట్టుకోవాలె. మీ కస్టమర్లు చిన్న వ్యాపారాలు, పార్ట్‌నర్లు అకౌంటెంట్లు అంటున్నరు, ఆఫీసులల్ల అదే ఉంటది, విడిచిపెట్టకుండ్రి.

క్యూఏ_గచ్చిబౌలి:

సర్టిఫికెట్ల గురించి క్లుప్తంగా. హబ్‌స్పాట్ అకాడమీ మెయిల్ మార్కెటింగ్ కోర్సు ఉచితం, మొదటి వడపోతలో పనికొస్తుంది, అంతే. గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉన్న పెద్ద విదేశీ కంపెనీల సెంటర్లలో పని కావాలంటే మాత్రం సేల్స్‌ఫోర్స్ మార్కెటింగ్ క్లౌడ్, మార్కెటో, ఎలోక్వా అనే పెద్ద మార్కెటింగ్ టూల్స్‌లో ఒకటి పట్టుకోవాలి. సేల్స్‌ఫోర్స్ పాఠాలు ట్రెయిల్‌హెడ్‌లో ఉచితం. అక్కడ పనిని ‘మార్కెటింగ్ ఆపరేషన్స్’ అంటారు. డిజైన్ కన్నా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నించే భాష) ముఖ్యం. ‘గత 90 రోజుల్లో కనీసం ఐదు మెయిల్స్ చేరి ఒక్క క్లిక్ కూడా లేనివాళ్ళు, కానీ అదే కాలంలో ఏదైనా కొన్నవాళ్ళను వదిలేసి’ లాంటి క్వెరీని పేపర్ మీద రాయగలగాలి. మార్కెటింగ్ క్లౌడ్‌లో పంపిన, క్లిక్ చేసిన వివరాలు ఆరు నెలలే నిల్వ ఉంటాయి, అంతకు ముందువి కావాలంటే మీరే విడిగా దాచుకోవాలి. ఇది తెలియక ఏడాది పోలికలు అడిగినప్పుడు చేతులెత్తేస్తారు.

టైమ్‌జోన్ లెక్క నోటికి రావాలి. న్యూయార్క్‌లో ఉదయం 10 అంటే వేసవిలో మనకు రాత్రి 7:30, చలికాలంలో 8:30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం మారుతుంది. పైగా మార్కెటింగ్ క్లౌడ్ సర్వర్ టైమ్ ఏడాది పొడవునా యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయం) 6 గంటలు వెనకే ఉంటుంది, వేసవిలో ముందుకు జరగదు. మనకూ దానికీ తేడా ఎప్పుడూ 11 గంటల 30 నిమిషాలు. షెడ్యూల్ తప్పులు ఎక్కువగా ఆ రెండు వారాల్లోనే దొర్లుతాయి.

అమెరికా మెయిల్‌కు క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం ఫుటర్‌లో పోస్టల్ అడ్రసు ఉండాలి, వద్దన్నవాళ్ళను 10 పనిదినాల్లో తీసేయాలి. కంపెనీలకు పంపేవాటికీ అది వర్తిస్తుంది. కెనడా అయితే ముందస్తు సమ్మతి అడుగుతుంది, అక్కడ ఇంకా జాగ్రత్త అవసరం.

పార్ట్‌నర్_సైడ్:

పార్ట్‌నర్‌షిప్స్ ప్రశ్నను ఎవరూ తాకలేదు కాబట్టి అది చెప్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను: మెయిల్ లోపలి సంగతులు నేర్చుకున్నాకే అటు వెళ్ళండి. ఆరు నెలలు ఆలస్యమైనా నష్టం లేదు. పార్ట్‌నర్‌తో కలిసి చేసే పనిలో ఎక్కువ భాగం మెయిల్ ద్వారానే నడుస్తుంది, ఎదుటివాళ్ళ లిస్టు ఎలాంటిదో పసిగట్టడం ఈ ఉద్యోగంలో సగం.

మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు మూడు రకాల పార్ట్‌నర్లు వస్తారు. అకౌంటెంట్లు, ట్యాక్స్ కన్సల్టెంట్లు మిమ్మల్ని తమ క్లయింట్లకు సిఫార్సు చేసి కమీషన్ తీసుకునేవాళ్ళు. పేమెంట్, పేరోల్, ఇన్వెంటరీ సాఫ్ట్‌వేర్లు మీతో ఇంటిగ్రేషన్ పెట్టుకునేవాళ్ళు. మిగిలినవాళ్ళు సంఘాలు, ఇంక్యుబేటర్లు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం హైసియా ఉంది, వ్యవస్థాపకుల సంఘం టై హైదరాబాద్ ఉంది, వ్యాపారుల వైపు ఎఫ్‌టీసీసీఐ ఉంది, స్టార్టప్‌లకు రాయదుర్గంలో టీ-హబ్ ఉంది. సంఘాల దగ్గరకు వెళ్ళి ‘మీ సభ్యుల మెయిల్ లిస్టు ఇవ్వండి’ అని అడిగారంటే తలుపు మూసుకుపోతుంది. సభ్యులకు పనికొచ్చే గంటన్నర వర్క్‌షాపు, ఉదాహరణకు ఈ-ఇన్వాయిస్ తప్పులు సరిచేయడం మీద, పెడతామని వెళ్ళండి. ఆహ్వానం వాళ్ళే పంపుతారు. సభ్యులకు వాళ్ళ పేరే పరిచయం కాబట్టి ఆ మెయిల్ తెరుస్తారు.

అన్ని ఏర్పాట్లకూ ఒకటే నియమం: ఎవరి లిస్టుకు వాళ్ళే పంపాలి. లిస్టులు చేతులు మారకూడదు. జాయింట్ వెబినార్ అయితే సుమారు నాలుగు వారాల ముందు ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. ఎవరు ఏ తేదీన ఎన్ని మెయిల్స్ పంపుతారు, ఎదుటివాళ్ళ పేరున్న కంటెంట్‌ను ఎన్ని పనిదినాల్లో ఓకే చేయాలి, రిజిస్టర్ అయినవాళ్ళ వివరాలు ఎవరికి చెందుతాయి, ఎవరు ఎన్ని గంటల్లో ఫోన్ చేస్తారు. రిజిస్ట్రేషన్ ఫామ్‌లో రెండు కంపెనీల పేర్లతో రెండు విడి చెక్‌బాక్సులు, రెండూ ముందే టిక్ పెట్టకుండా. ఒకటే టిక్ చేసినవాళ్ళు ఆ ఒక్కరికే. ‘మా భాగస్వాములతో పంచుకుంటాం’ అని చిన్న అక్షరాల్లో రాసి సమ్మతి అనుకోవడం ఇకమీద చెల్లదు. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. సమ్మతి ఫలానా పనికని స్పష్టంగా ఉండాలి, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. నోటీసును ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో చదువుకునే వీలు ఇవ్వాలి, అంటే తెలుగులో కూడా. మీ తెలుగు మెయిల్స్ ప్రాజెక్టులో ఫామ్‌నూ ప్రైవసీ నోటీసునూ కూడా చేర్చండి.

ఇద్దరి కస్టమర్లలో ఉమ్మడిగా ఎంతమంది ఉన్నారో చూసుకోవాలంటే అడ్రసులను షా-256తో హాష్ చేసి (చదవలేని కోడ్‌గా మార్చి) పోలుస్తారు. హాష్ చేసే ముందు అన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చి, ముందు వెనక ఖాళీలు తీసేయాలి. ఒక్క స్పేస్ ఉన్నా హాష్ పూర్తిగా వేరే వస్తుంది, ఉమ్మడి కస్టమర్లు వందల్లో ఉన్నా సున్నా అని చూపిస్తుంది. హాష్ చేసినంత మాత్రాన అది వ్యక్తిగత డేటా కాకుండా పోదు, ఎక్సెల్ షీట్‌లా మెయిల్‌లో తిప్పకండి.

మెయిల్ తెలియని పార్ట్‌నర్ మేనేజర్లు తప్పిపోయే చోటు ఇంకొకటుంది. పార్ట్‌నర్ తన మెయిల్‌లో మీ వెబ్‌సైట్ లింకు పెట్టి, ఎక్కడో కొన్న లిస్టుకు కొట్టాడనుకోండి. పంపింది వాడి సర్వరే. కానీ స్పామ్‌హాస్, ఎస్‌యూఆర్‌బీఎల్ లాంటి సంస్థలు మెయిల్ లోపలి లింకుల డొమైన్లను కూడా బ్లాక్‌లిస్ట్‌లో పెడతాయి. మీ డొమైన్ అందులో పడితే మీ సేల్స్ వాళ్ళు పంపే మామూలు కొటేషన్లు కూడా చేరవు. అందుకే రిఫరల్ ఒప్పందంలో ‘కొన్న లిస్టులకు, వెబ్‌సైట్ల నుంచి ఏరిన అడ్రసులకు పంపితే ఒప్పందం అప్పటికప్పుడే రద్దు, బకాయి కమీషన్ చెల్లించం’ అని ఒక వాక్యం తప్పకుండా ఉండాలి. ‘మీ డొమైన్ ఫ్రమ్ పెట్టి మేమే పంపేస్తాం’ అని పార్ట్‌నర్ అడిగితే ఒప్పుకోవద్దు. డీమార్క్ ఫెయిల్ అవుతుంది. తప్పదనుకుంటే విడి సబ్‌డొమైన్ ఇచ్చి, దానికే డీకిమ్ పెట్టించండి.

పెద్ద పార్ట్‌నర్ మీ గురించి తన లిస్టుకు పంపుతానంటే మూడు ప్రశ్నలు అడగండి: అడ్రసులు ఎక్కడి నుంచి వచ్చాయి, ఆ లిస్టుకు చివరిసారి ఎప్పుడు పంపారు, ఆ పంపకంలో బౌన్స్ ఎంత. ఏడాదిగా నిద్రపోతున్న లిస్టు అంటే ఆగండి. పాతబడిన అడ్రసుల్లో కొన్నింటిని మెయిల్ కంపెనీలు ఉచ్చులుగా మారుస్తాయి, వాటికి పంపినవాళ్ళు లిస్టు శుభ్రం చేసుకోరని వెంటనే తెలిసిపోతుంది.

కమీషన్ విషయంలో కస్టమర్ డబ్బు కట్టాకే లెక్కలోకి తీసుకోండి, రీఫండ్ అయితే వెనక్కి తీసుకునే షరతు ఉంచండి, ఎన్ని నెలల వరకు ఇస్తారో రాయండి. టీడీఎస్, జీఎస్టీ ఎవరి మీద పడతాయో మీ అకౌంట్స్ వాళ్ళతో ముందే మాట్లాడించండి. ‘18 శాతం కలిపా, విడిగానా’ అన్న గొడవ మొదటి ఇన్వాయిస్‌తోనే మొదలవుతుంది. నెల రిపోర్టులో పార్ట్‌నర్ తెచ్చిన డీల్స్‌నూ, మీ సేల్స్ తెచ్చినవాటికి పార్ట్‌నర్ సాయపడినవాటినీ విడివిడిగా చూపించండి. రెండూ కలిపితే సేల్స్ టీమ్‌తో మీకు పడదు.

కొత్త_క్యాంపెయిన్:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. షో ఒరిజినల్ చూశాను. డీకిమ్ పాస్, కానీ పేరు టూల్‌దే. రేపు ఐటీ వాళ్ళతో మాట్లాడతాను.

ఒక అర్జెంట్ ప్రశ్న. వచ్చే నెల హైటెక్స్‌లో ఒక ఎగ్జిబిషన్‌లో మాకు స్టాల్ ఉంది. అయిపోయాక ఆర్గనైజర్ విజిటర్ల లిస్టు ఇస్తారట, దాదాపు 6 వేల అడ్రసులు. దాన్ని మా టూల్‌లో ఎక్కించి ఆఫర్ పంపమని పైనుంచి చెప్పారు. వద్దని ఎలా చెప్పాలి?

డెలివరీ_డెస్క్:

వద్దని చెప్పకండి, లెక్క చూపించండి. గేటు దగ్గర టాబ్‌లో హడావిడిగా కొట్టిన అడ్రసుల్లో తప్పులు ఎక్కువ. 6,000లో 8 శాతం చెల్లనివనుకుంటే 480 బౌన్స్‌లు. అమెజాన్ ఎస్‌ఈఎస్‌లో అయితే బౌన్స్ 5 శాతానికి చేరితే అకౌంట్ పరిశీలనలో పడుతుంది, 10 దాటితే పంపడం ఆపేయవచ్చు. మిగతా టూల్స్‌లోనూ ఇతరుల నుంచి తీసుకున్న లిస్టులు ఎక్కించకూడదని షరతులు సాధారణంగా ఉంటాయి. అకౌంట్ ఆగితే ఆగేది ఆ 6 వేలే కాదు, మీ 40 వేల మందికి వెళ్ళే మెయిల్స్, డెమో మెయిల్స్ అన్నీ ఆగుతాయి. ఈ ఒక్క వాక్యం పైవాళ్ళకు అర్థమవుతుంది. డీకిమ్ ఇంకా మీ పేరు మీద లేదు కాబట్టి ఇప్పుడైతే ఇంకా ప్రమాదం.

పార్ట్‌నర్_సైడ్:

దానికి బదులు చేయవలసినవి ఎగ్జిబిషన్‌కు ముందే పెట్టుకోవాలి. ఆర్గనైజర్‌కు ఈ వారమే రాసి, లిస్టు వద్దు, మీ డొమైన్ నుంచి విజిటర్లకు పంపే ధన్యవాదాల మెయిల్‌లో మాకు ఒక పేరా, ఒక లింకు ఇవ్వండి అని అడగండి. స్పాన్సర్‌షిప్ ప్యాకేజీలో కలిపి అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

స్టాల్‌లో క్యూఆర్ కోడ్‌తో చిన్న ఫామ్ పెట్టండి. పేరు, మెయిల్, ఇప్పుడు వాడుతున్న బిల్లింగ్ పద్ధతి, టిక్ లేని ఒక చెక్‌బాక్సు. అడ్రసు నింపగానే ఒక కన్ఫర్మేషన్ మెయిల్ అక్కడికక్కడే వెళ్ళాలి, స్టాల్ వాళ్ళు ‘మెయిల్ వచ్చిందా’ అని అడగాలి. అక్షరం తప్పు పడి ఉంటే ఎదురుగా ఉన్నప్పుడే దిద్దుకుంటారు. సమ్మతి ఇచ్చిన టైమ్, ఫామ్‌లో ఆ రోజు ఉన్న వాక్యం, ఎగ్జిబిషన్ పేరు మూడూ రికార్డులో ఉంచండి. హైటెక్స్ హాళ్ళలో జనం ఉన్నప్పుడు మొబైల్ డేటా నెమ్మదిస్తుంది, ఫామ్‌లో బొమ్మలు పెట్టకండి, నెట్ లేకపోయినా నింపుకుని తర్వాత పంపే ఏర్పాటు ఉన్న యాప్ చూసుకోండి.

విజిటింగ్ కార్డు ఇచ్చినవాళ్ళను న్యూస్‌లెటర్‌లో చేర్చకండి. స్టాల్‌లో మాట్లాడిన సేల్స్ మనిషే తన ఆఫీసు మెయిల్ నుంచి, రెండు మూడు రోజుల్లోపు, ఒక్కొక్కరికీ విడిగా, అక్కడ మాట్లాడుకున్న విషయం ప్రస్తావిస్తూ రాయాలి. చివర న్యూస్‌లెటర్ లింకు ఇవ్వొచ్చు. కార్డు వెనక ఏం మాట్లాడారో రెండు మాటలు రాసే అలవాటు స్టాల్‌లో కూర్చునేవాళ్ళకు ముందు రోజే చెప్పండి, లేకపోతే మూడో రోజుకు ఏ కార్డు ఎవరిదో తెలియదు.

కొత్త_క్యాంపెయిన్:

సరేనండి. ఆర్గనైజర్‌కు ఇవాళే రాస్తున్నాను. డీకిమ్ సీనేమ్‌లు పడ్డాక షో ఒరిజినల్‌లో వచ్చినది ఇక్కడే పెడతాను, ఒకసారి చూడండి.